సంధికి బాధ్యులెవరు?

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

పెద్ద ప్రాజెక్టుల జాప్యం గురించి గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. గడువులు దాటిపోవడానికీ, అంచనాలు పెరిగిపోవడానికీ, కట్టినవాటిని మళ్ళీ సరిచేయవలసి రావడానికీ మన ఇంజనీర్లలో నైపుణ్యం తగ్గిపోవడమే ప్రధాన కారణమని వ్యాసకర్త అభిప్రాయపడ్డారు. ముప్పై నాలుగేళ్ళు డిజైన్ ఆఫీసుల్లో పంపులు, మోటార్లు, పైపులైన్ల డ్రాయింగుల మధ్య గడిపి పదవీ విరమణ చేసిన మెకానికల్ ఇంజనీరుగా నేను ఆ అభిప్రాయంతో ఏకీభవించలేకపోతున్నాను. నేను దగ్గరగా చూసిన వైఫల్యాల్లో చాలావరకు, తమ తమ పనిని చక్కగా చేసిన ఇద్దరు ఇంజనీర్ల మధ్య, వారి పనులు కలిసే సంధిలో, ఎవరిదీ కాని జాగాలో జరిగినవే. ఈ సంగతి గుర్తించకుండా శిక్షణ తరగతులు ఎన్ని పెట్టినా మందు ఒకచోట, గాయం ఒకచోట అవుతుందని నా భయం.

ఇతరుల పొరపాట్లు ఎత్తిచూపేముందు నా సంతకం ఉన్న ఉదంతం చెప్పడం న్యాయం. చాలా ఏళ్ళ క్రితం ఒక ఎత్తిపోతల పథకం పంపుహౌసును డిజైన్ చేసిన బృందాల్లో ఒకదానిలో నేను పనిచేశాను. మాది పంపుల విభాగం. మొదట అనుకున్న వేగంతో పంపు తిరిగితే నీటిని పీల్చుకునే వైపు ఒత్తిడి బాగా పడిపోయి, ఆవిరి బుడగలు ఏర్పడి, అవి పగిలినప్పుడల్లా ఇంపెల్లర్ (నీటిని తోసే చక్రం) రెక్కలు కొరుక్కుపోయే ప్రమాదం ఉందని మా లెక్కల్లో తేలింది. అందువల్ల వేగాన్ని ఒక మెట్టు తగ్గించాము. పంపు ఆయుష్షు పెరిగింది, సామర్థ్యం కూడా కొద్దిగా మెరుగుపడింది. మా విభాగం వరకు అది మంచి నిర్ణయం. ఇప్పటికీ దానిని నేను తప్పుపట్టను. అయితే అదే శక్తిని తక్కువ వేగంతో అందించాలంటే మోటారులో పోల్‌ల (అయస్కాంత ధ్రువాల) సంఖ్య పెరగాలి, దాని వ్యాసం పెరగాలి, బరువు పెరగాలి. మోటారు విభాగం వారు ఆ మార్పును కూడా చక్కగా డిజైన్ చేశారు. కానీ ఆ మోటారు రోటరును ఎత్తి దించవలసిన ఈఓటీ క్రేనుకు (పంపుహౌసు పైభాగాన పట్టాల మీద విద్యుత్తుతో నడిచే క్రేనుకు) పాత బరువును బట్టి అప్పటికే ఆర్డరు వెళ్ళిపోయింది. ఆ క్రేను నడిచే గాంట్రీ దూలాలను మోయవలసిన కాంక్రీటు స్తంభాలను పాత క్రేను చక్రాల భారాన్ని బట్టి పోత పోసి, సెంట్రింగు కూడా విప్పేశారు. వేగం మార్పును తెలియజేసిన ఉత్తరం మీద సంతకం చేసింది నేనే. అది సివిల్ విభాగానికీ, క్రేన్ల విభాగానికీ ‘సమాచారం నిమిత్తం’ అన్న ముద్రతో వెళ్ళింది. అందులో పంపు వేగం ఉంది, మోటారు బరువు లేదు. ఎందుకంటే బరువు నా విభాగం ఇవ్వవలసిన అంకె కాదు. పంపు వేగం తగ్గిందన్న వాక్యం చదివి తన స్తంభాల గురించి ఆలోచించాలని సివిల్ ఇంజనీరుకు తోచకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

మొదటి మోటారు ట్రైలరు మీద సైటుకు చేరిన రోజున, ప్యాకింగ్ లిస్టులోని బరువునూ, క్రేను మీద పెయింటుతో రాసి ఉన్న సామర్థ్యాన్నీ పోల్చి చూసిన ఒక యువ సైటు ఇంజనీరు మాకు ఫోన్ చేశాడు. స్తంభాల చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు వేయడానికీ, క్రేను మార్పించడానికీ అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలల్లో ఒక ఖరీఫ్ వెళ్ళిపోయింది. విచారణ జరిగింది. ప్రతి విభాగం లెక్కలనూ తనిఖీ చేశారు. ఒక్క లెక్కలోనూ తప్పు దొరకలేదు. చివరికి నివేదికలో కారణం అన్నచోట ‘సమన్వయ లోపం’ అని రెండు మాటలు రాసి ఫైలు మూసివేశారు.

ఈ రెండు మాటలు మన పత్రికల్లో, సమీక్షా సమావేశాల్లో తరచుగా వినిపిస్తాయి. వడగళ్ళ వాన కురిసినట్టు, అది తనంతట తాను వచ్చిపడినట్టు వాటిని వాడుతున్నాము. సమన్వయం కూడా వెల్డింగు లాంటి, సర్వే లాంటి ఒక పని. దానికి పద్ధతి కావాలి, సమయం కావాలి, చేసే మనిషి కావాలి, ఆ మనిషికి జీతంతోపాటు అధికారం కూడా కావాలి. ఆ పనిని మా పంపుహౌసులో ఎవరికీ అప్పగించలేదు. అప్పగించని పని జరగలేదని ఆ తరువాత నివేదికలో రాసుకున్నాము.

మన భాషలో రెండు పదాలు కలిసేచోట ఏం జరుగుతుందో వివరించడానికి వ్యాకరణకర్తలు ఒక పరిచ్ఛేదాన్నే కేటాయించారు. ముందు పదం చివరి అచ్చు లోపించవచ్చు, తరువాతి పదం మొదటి హల్లు మారిపోవచ్చు, రెండింటిలోనూ లేని యకారమో టకారమో మధ్యలో వచ్చి చేరవచ్చు. రెండు పదాలూ విడివిడిగా తెలిసినంత మాత్రాన వాటి కలయిక తెలిసినట్టు కాదని వారు గ్రహించారు. ఇంజనీరింగులో మేము ఇంటర్‌ఫేస్ అని పిలిచేది ఈ సంధినే. ఒక వ్యవస్థలో 5 భాగాలు ఉంటే వాటి మధ్య జతలు 10. 20 భాగాలు ఉంటే జతలు 190. భాగాలు నాలుగు రెట్లు పెరిగితే జతలు పంతొమ్మిది రెట్లు పెరుగుతాయి. అన్ని జతలూ ముడిపడి ఉండవన్న మాట నిజమే. కానీ ఏవి ముడిపడి ఉన్నాయో ముందుగా కూర్చుని గుర్తిస్తే తప్ప తెలియదు. పంపు వేగం నుంచి మోటారు బరువుకు, అక్కడి నుంచి క్రేనుకు, క్రేను నుంచి స్తంభానికి గీతలు గీసి గోడకు అంటించి ఉంటే, మా ఆఫీసులో శిక్షణకు వచ్చిన డిప్లొమా విద్యార్థి అయినా ఆ ప్రమాదాన్ని పట్టుకునేవాడు.

ఇది మన దేశానికో, ప్రభుత్వ శాఖలకో పరిమితమైన జబ్బు కాదు. ఎయిర్‌బస్ సంస్థ ఏ380 అనే రెండంతస్తుల విమానాన్ని నిర్మించినప్పుడు ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్, స్పెయిన్ దేశాల్లోని కర్మాగారాలు ఆ పనిని పంచుకున్నాయి. 2005 ఏప్రిల్ 27న ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో ఆ విమానం మొదటిసారి ఎగిరింది. అంత బరువును గాలిలోకి లేపే రెక్కలు, ఇంజన్లు, చక్రాల అమరిక వంటి కఠిన సమస్యలు పరిష్కారమయ్యాయి. పని చిక్కుకుపోయింది వైర్ల దగ్గర. ఒక్కో విమానంలో సుమారు 530 కిలోమీటర్ల పొడవైన వైర్లు, 40 వేలకు పైగా కనెక్టర్లు ఉంటాయి. జర్మనీలోని హాంబర్గ్‌లో తయారైన దేహభాగాలు టూలూజ్‌కు చేరిన తరువాత చూస్తే, వాటిలోని వైర్ల కట్టలు కొన్నిచోట్ల చేరవలసిన చోటికి అందలేదు. జర్మనీ, స్పెయిన్ డిజైనర్లు కాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్‌లో, ఫ్రాన్స్, బ్రిటన్ డిజైనర్లు అయిదో వెర్షన్‌లో పనిచేశారు. ఒకదానిలో గీసినది రెండోదానిలోకి యథాతథంగా వచ్చేది కాదు. దీనికి తోడు, బరువు తగ్గించడం కోసం రాగికి బదులు కొంత మేర అల్యూమినియం వైర్లు వాడారు. అల్యూమినియం వైరును రాగి వైరు అంత బిగువుగా మలుపు తిప్పలేము. మలుపు వెడల్పుగా ఉండాలి, ఆ వెడల్పుకు చోటు కావాలి. విమానాన్ని తేలిక చేసిన బృందానికి లాభంగా కనిపించిన నిర్ణయం, ఇరుకు సందుల్లో వైర్లు పరిచే బృందానికి భారంగా మారింది. హాంబర్గ్ నుంచి వందలాది కార్మికులు టూలూజ్‌కు వచ్చి వైర్లను చేతులతో సరిచేయవలసి వచ్చింది. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 2007 అక్టోబరులో, అంటే దాదాపు రెండేళ్ళ ఆలస్యంగా అందింది. 2010 వరకు తన లాభాల్లో సుమారు 480 కోట్ల యూరోల కోత పడుతుందని మాతృసంస్థ ఈఏడీఎస్ ప్రకటించింది. ఎయిర్‌బస్ అధిపతి, ఈఏడీఎస్ ఇద్దరు అధిపతుల్లో ఒకరు 2006 జూలైలో రాజీనామా చేశారు.

ఈ కథ చెప్పేవారు సాధారణంగా సాఫ్ట్‌వేర్ వెర్షన్ల దగ్గర ఆగిపోతారు. నేను అక్కడ ఆగలేను. రెండు వెర్షన్లు వాడుతున్నారన్న సంగతి రెండు చోట్లా పనిచేసేవారికి తెలియనిది కాదు. నాలుగు దేశాలకూ ఒకే నమూనా ఉండితీరాలని పట్టుబట్టి, అది కుదిరేదాకా పని ముందుకు సాగనీయని అధికారం గల వ్యక్తి లేకపోవడమే అసలు కారణమని నా నమ్మకం. ఒక సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరే వారు రూపొందించే వ్యవస్థలో అచ్చుపడుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే ప్రతిపాదించారు. మాట్లాడుకోని రెండు ఆఫీసుల మధ్య వైరు పొట్టిదవుతుంది, లేదా స్తంభం బలహీనమవుతుంది.

సంధి దగ్గర కూర్చుని ఆలోచిస్తే ఎంత మేలు జరుగుతుందో అమెరికా చంద్రయాత్రల అపోలో కార్యక్రమంలో కనిపిస్తుంది. చంద్రుడి మీద దిగిన లూనార్ మాడ్యూల్‌ను గ్రమ్మన్ సంస్థ తయారుచేసింది. టామ్ కెల్లీ దానికి ప్రధాన ఇంజనీరు. ఆ వాహనానికి బరువే ప్రాణసంకటం. తొలి నమూనాలో వ్యోమగాములకు కుర్చీలు, పెద్ద పెద్ద కిటికీలు ఉండేవి. కూర్చున్న మనిషికి దిగబోయే నేల కనిపించాలంటే కిటికీ పెద్దది కావాలి, పెద్ద కిటికీకి బరువైన గాజు కావాలి. బరువు తగ్గించమని కిటికీల బృందాన్ని అడిగితే గాజు మందం గురించి మాట్లాడుతుంది. కుర్చీల బృందాన్ని అడిగితే తేలికైన గొట్టాలతో చేసిన కుర్చీ చూపిస్తుంది. రెండింటినీ కలిపి చూసినవారు కుర్చీలే వద్దన్నారు. చంద్రుడి ఆకర్షణ భూమి ఆకర్షణలో ఆరో వంతు. ప్రయాణం కొద్ది సేపు. దిగేటప్పటి కుదుపును నిలబడిన మనిషి కాళ్ళే తట్టుకోగలవు. నిలబడితే ముఖం కిటికీకి దగ్గరవుతుంది కనుక చిన్న త్రికోణపు కిటికీ చాలు. నేల కూడా మరింత బాగా కనిపిస్తుంది. కుర్చీల బరువు పోయింది, గాజు బరువు తగ్గింది, చూపు మెరుగైంది. తన కుర్చీని తీసివేయమని కుర్చీల బృందం తనంతట తానుగా ఎన్నటికీ చెప్పదు. 1969 నుంచి 1972 వరకు ఆరు పర్యాయాలు మనుషులు చంద్రుడి మీద దిగింది నిలబడే.

మన శ్రీహరికోట నుంచి సాగిన ప్రయోగాల్లో కూడా ఈ పాఠం రెండు వైపులా ఉంది. 2010 డిసెంబరు 25న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06 రాకెట్ నిమిషం తిరగకముందే అదుపు తప్పింది. రష్యా నుంచి వచ్చిన క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనంతో నడిచే) దశ అడుగు భాగంలోని 10 కనెక్టర్లు, ప్రయాణంలో చాలాసేపటి తరువాత ఆదేశం అందినప్పుడు మాత్రమే విడిపోవలసినవి, ముందే ఊడిపోయాయి. పైనున్న కంప్యూటరు పంపిన ఆదేశాలు కిందనున్న ఇంజన్లకు చేరలేదు. కంప్యూటరు బాగానే ఉంది, ఇంజన్లు బాగానే ఉన్నాయి. 2014 జనవరి 5న విజయవంతమైన జీఎస్‌ఎల్‌వీ-డీ5 కోసం ఇస్రో ఆ దశ కింది కవచాన్ని మళ్ళీ డిజైన్ చేసింది, వైర్లు వెళ్ళే సొరంగాన్ని దృఢపరిచింది, ప్రయాణంలో ఆ కవచం కదలికలను గమనించడానికి కెమెరాలు కూడా అమర్చింది. సంధి మీద ఒక కన్ను వేసి ఉంచడమంటే ఇదే.

చంద్రయాన్ ఉదాహరణ ఇంకా లోతైనది; దానిమీద మన ఇంజనీరింగ్ కళాశాలల్లో ఒక వారం పాఠం చెప్పవచ్చు. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండరు ఎందుకు కూలిందో 2023లో ఇస్రో అధ్యక్షుడిగా ఉన్న ఎస్. సోమనాథ్ ఆ ఏడాది విలేకరులకు వివరంగా చెప్పారు. వేగం తగ్గించవలసిన ఇంజన్లు అనుకున్నదానికంటే కొద్దిగా ఎక్కువ తోపుడు ఇచ్చాయి. కెమెరా కోసం ల్యాండరు నిలకడగా ఉండవలసిన దశలో ఆ తేడాను వెంటనే సరిదిద్దే వీలు లేక తప్పులు పోగుపడ్డాయి. తరువాత సరిచేసుకోవడానికి ల్యాండరు వేగంగా తిరగవలసి వచ్చింది. ఎంత వేగంగా తిరగవచ్చో సాఫ్ట్‌వేర్‌లో ముందే హద్దు పెట్టి ఉంది. దిగవలసిన స్థలం 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు మాత్రమే కావడంతో, నేల దగ్గరవుతున్నా ఆ స్థలాన్ని అందుకోవడానికి ల్యాండరు వేగం పెంచుకుంది. ఇందులో ఏది తెలివితక్కువ నిర్ణయం? ఇంజనులో కొద్దిపాటి తేడా ఎప్పుడూ ఉంటుంది. తిరిగే వేగానికి హద్దు పెట్టడం నియంత్రణ బృందం చేయవలసిన జాగ్రత్త. కచ్చితమైన చోట దిగాలనుకోవడం ఎవరైనా మెచ్చుకునే లక్ష్యం. ఆ మూడూ ఒకే నిమిషంలో ఒకదాని మీద ఒకటి పడితే ఏమవుతుందన్న ప్రశ్న ఆ మూడింటి మధ్య ఉంది.

2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3లో ఆ ప్రశ్నకు జవాబు ఉంది. దిగే స్థలాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. సెకనుకు 3 మీటర్ల వేగంతో తాకినా తట్టుకునేలా కాళ్ళను బలపరిచారు. అదనపు ఇంధనం పెట్టారు. మధ్యలో ఉన్న అయిదో ఇంజనును తీసివేసి నాలుగింటితోనే సరిపెట్టారు. వేగాన్ని నేరుగా కొలిచే లేజరు పరికరాన్ని చేర్చారు. ఒక్కో మార్పును విడిగా చూస్తే కాళ్ళ బృందం బరువు పెంచింది, ఇంధనం బృందం బరువు పెంచింది, స్థలాన్ని ఎంచుకున్నవారు తమ కచ్చితత్వాన్ని వదులుకున్నారు. ఏ బృందం తన భాగాన్ని ఎంత గొప్పగా చేసిందన్న కొలమానాన్ని పక్కనపెట్టి, మొత్తం ల్యాండరు బతికి బయటపడే అవకాశాన్నే కొలమానంగా పెట్టుకున్నప్పుడు మాత్రమే ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు సాధ్యమవుతాయి. ఆప్టిమైజేషన్ అంటే ప్రతి భాగాన్నీ అత్యుత్తమం చేయడమని మన విద్యార్థులు అనుకుంటున్నారు. చాలాసార్లు ఏ భాగాన్ని కొంచెం తక్కువగా ఉంచడానికి ఒప్పుకోవాలో తేల్చుకోవడమే ఆప్టిమైజేషన్.

ఇక్కడ బయటివారికి అంతగా తెలియని ఒక సంగతి చెప్పాలి. ప్రతి బృందం తన అంకెలో కొంత దాచుకుంటుంది. 40 టన్నులు సరిపోయే చోట 45 అని చెబుతుంది, 10 కిలోవాట్లు చాలినచోట 12 అడుగుతుంది. ఇది స్వార్థం కాదు. రేపు ఏదైనా మారితే మళ్ళీ అడగడానికి ఎవరూ ఉండరన్న భయం. ఇరవై బృందాలు ఇలా దాచుకుంటే మొత్తం వ్యవస్థ అనవసరంగా బరువెక్కుతుంది, ఖర్చు పెరుగుతుంది. అయినా నిజంగా అవసరం వచ్చిన బృందానికి మరో బృందం దాచిన మిగులు అందదు. మంచి ప్రాజెక్టుల్లో మిగులంతా ప్రధాన ఇంజనీరు చేతిలో ఉంటుంది. ఎవరి దగ్గర ఎంత ఉందో అందరికీ కనిపిస్తుంది. కావలసినవారు కారణం చెప్పి అడిగి తీసుకుంటారు. దీనికి కావలసింది ఒక పట్టిక మాత్రమే. కానీ నిజమైన అంకె చెప్పినందుకు రేపు తనను తప్పుపట్టరన్న నమ్మకం లేకపోతే ఆ పట్టికలో ఎవరూ నిజం రాయరు.

పద్ధతులు కొత్తగా కనిపెట్టవలసిన అవసరం లేదు. డిజైన్ పనులను నిలువుగా, అడ్డంగా రాసి, ఏ పని ఏ పనిని తాకుతుందో గళ్ళలో గుర్తుపెట్టే పట్టికను డొనాల్డ్ స్టీవార్డ్ 1981లోనే ప్రతిపాదించారు. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ 1995లో టీమ్ ఎక్స్ పేరుతో అన్ని విభాగాల నిపుణులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి అంతరిక్ష యాత్రల తొలి డిజైన్లు చేయడం మొదలుపెట్టింది. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ 1998లో నెదర్లాండ్స్‌లో అలాంటి గదినే ఏర్పాటు చేసుకుంది. ఒకరు తన అంకె మార్చగానే ఆ గదిలోని మిగిలినవారి తెరల మీద అది మారుతుంది. ఉత్తరాల మీద వారాలు పట్టే పని మధ్యాహ్నం భోజనం లోపల తేలిపోతుంది. భవనాల డిజైన్‌లో ఇప్పుడు మన దగ్గర కూడా బిమ్ (భవనం మొత్తాన్ని కంప్యూటరులో ఒకే నమూనాగా చూపే) సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, సంతోషం. అది పైపు వెళ్ళి దూలానికి గుద్దుకుంటే ఎర్రరంగులో చూపిస్తుంది. అయితే మారిన మోటారు బరువును పాత క్రేను మోయగలదా అని అడగవలసింది మనిషే.

మన రెండు రాష్ట్రాల విషయానికి వస్తే, మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు 2023 అక్టోబరులో కుంగినప్పుడు నేషనల్ డ్యామ్ సేఫ్టీ అథారిటీ ప్రణాళిక, డిజైన్, నాణ్యతా నియంత్రణ, నిర్వహణ అన్న నాలుగింటి లోపాలనూ కలిపి కారణంగా చూపింది. పోలవరంలో 2018లో పూర్తయిన డయాఫ్రమ్ వాల్ (డ్యాము అడుగున నీరు ఊరకుండా ఆపే గోడ), ఎగువ దిగువ కాఫర్‌డ్యాములు (నిర్మాణ స్థలంలోకి నది నీరు రాకుండా కట్టే తాత్కాలిక కట్టలు) పూర్తికాకముందే వచ్చిన వరదల్లో దెబ్బతిని, 2025 జనవరిలో కొత్త గోడ నిర్మాణం ప్రారంభించవలసి వచ్చింది. తప్పు ఏ ప్రభుత్వానిదన్న చర్చలోకి నేను వెళ్ళడం లేదు. ఆ చర్చ ఎలాగూ జరుగుతోంది. నా ప్రశ్న వేరు. ప్రణాళికకూ డిజైన్‌కూ మధ్య, డిజైన్‌కూ నిర్మాణానికీ మధ్య, ఒక కట్టడం పూర్తయ్యే తేదీకీ మరో కట్టడానికి కావలసిన రక్షణకూ మధ్య నిలబడి, ‘ఇది కుదరదు, ఆగండి’ అనగలిగిన ఒక్క ఇంజనీరును ఏ ఉత్తర్వులోనైనా నియమించామా?

అన్నింటినీ ఒకే కాంట్రాక్టరుకు ఈపీసీ (డిజైన్, కొనుగోళ్ళు, నిర్మాణం ఒకరికే ఇచ్చే) పద్ధతిలో అప్పగిస్తే ఈ బాధ తప్పుతుందని కొందరు మిత్రులు అంటారు. కొంత తప్పుతుంది. కానీ ఆ కాంట్రాక్టరు సివిల్ పనిని ఒక సబ్‌కాంట్రాక్టరుకు, పంపులను ఒక తయారీదారుకు, విద్యుత్ పనిని మరొకరికి ఇస్తాడు. మనకు కనిపించే సంధి అతని ఆఫీసులోకి మారుతుంది, అంతే. అక్కడ అది మరింత కనిపించకుండా పోయే ప్రమాదం కూడా ఉంది. అందువల్ల టెండరు పత్రంలోనే, ఏ పద్ధతిలో ఇచ్చినా సరే, సంధుల పట్టికను జతపరచాలని, దాని నిర్వహణకు ఒక సమన్వయ ఇంజనీరును పేరుతో సహా నియమించాలని, సంబంధిత విభాగాలు సంతకం చేసేవరకు పోత ఆపగల అధికారం ఆ ఇంజనీరుకు ఇవ్వాలని రెండు ప్రభుత్వాలనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ‘సమాచారం నిమిత్తం’ అన్న ముద్రను డిజైన్ మార్పుల ఉత్తరాల నుంచి పూర్తిగా తొలగించాలి. దాని స్థానంలో, ఉత్తరం అందుకున్న ప్రతి విభాగమూ నిర్ణీత గడువులోగా ‘ఈ మార్పు నా పనిని తాకుతుంది’ అనో, ‘తాకదు, కారణం ఇది’ అనో రాసి తిప్పి పంపాలన్న నియమం పెట్టాలి. కారణం రాయవలసి వచ్చినప్పుడు మనిషి ఆలోచిస్తాడు. మా క్రేన్ల విభాగం ఆ ఒక్క వాక్యం రాయడానికి కూర్చుని ఉంటే, మోటారు బరువు ఎంతని మమ్మల్ని తప్పకుండా అడిగేది.

ఈ క్రమశిక్షణ మనవారికి అలవడదనుకోవడం అన్యాయం. హైదరాబాద్ శివారు ఆదిభట్లలో తయారయ్యే అపాచీ హెలికాప్టర్ దేహభాగాలు అమెరికాలోని అరిజోనాకు, సీ-130జే విమానాల తోక భాగాలు అదే దేశంలోని జార్జియా రాష్ట్రానికి వెళ్ళి, అక్కడివారు తయారుచేసిన భాగాలతో కలుస్తున్నాయి. సంధి కొలతలు ముందే రాసి, ఇరువైపులా ఒప్పుకుని, మారితే ఇద్దరికీ చెప్పే పద్ధతి ఉన్నచోట మన పిల్లలు ఏ దేశం వారికీ తీసిపోలేదు.

కళాశాలల్లో మాత్రం ఆ అలవాటుకు చోటు దొరకడం లేదు. సివిల్ విద్యార్థి నాలుగేళ్ళూ సివిల్ విద్యార్థులతోనే ప్రాజెక్టు చేస్తాడు, ఎలక్ట్రికల్ విద్యార్థి ఎలక్ట్రికల్ వారితోనే. తన లెక్క మరొకరి లెక్కను చెడగొట్టగలదన్న అనుభవం చాలామందికి ఉద్యోగంలో చేరాక, కోట్ల రూపాయల ఖర్చు మీద కలుగుతుంది. చివరి ఏడాది ప్రాజెక్టుల్లో కొన్నింటినైనా మూడు బ్రాంచీల విద్యార్థులు కలిసి చేయాలని, మార్కుల్లో కొంత భాగం ఒక్కో భాగానికి కాక మొత్తం పనిచేసిన తీరుకు ఇవ్వాలని, మధ్యలో ఆచార్యులు కావాలనే ఒక అంకె మార్చి ఆ మార్పు ఎంతదూరం చేరిందో పరీక్షించాలని విశ్వవిద్యాలయాలను వేడుకుంటున్నాను. ఒక చిన్న ఊరి మంచినీటి పథకం చాలు: బావి, పంపు, ట్యాంకు, కరెంటు లైను. అందులోనే సంధులన్నీ ఉన్నాయి.

నాటి పంపుహౌసుకు సంబంధించి నేను సంతకం చేసిన ఉత్తరం నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఏ ఇంజనీరింగ్ కళాశాల అయినా, ఏ పాలిటెక్నిక్ అయినా పిలిస్తే నా ఖర్చులతో వచ్చి, సంస్థ పేరు కప్పి ఆ కాగితాన్ని విద్యార్థుల ముందు పెట్టి, ఇందులో ఏ అంకె లేదో వెతకమని అడగడానికి సిద్ధంగా ఉన్నాను. కావలసినవారు మీ కార్యాలయం ద్వారా నన్ను సంప్రదించేందుకు అనుమతించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత మెకానికల్ ఇంజనీరు,
విశాఖపట్నం